‘కేసు కొట్టేశారు’... ఈ మాటను ఇంగ్లిష్ ఫారంలో ఎలా రాయాలి?

మీ సొంతూరు కడప జిల్లా చక్రాయపేట మండలంలో ఉందనుకుందాం. ఇప్పుడు మీరుండేది బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో. 2017లో పొలం గట్టు దగ్గర పెదనాన్న వాళ్లతో గొడవైంది. రెండు వైపులా కేసులు పడ్డాయి. మీ మీద పెట్టింది 323, 341 సెక్షన్ల కింద. ఎఫ్ఐఆర్‌లో మీ నాన్న ఏ1, మీ అన్న ఏ2, సెలవులకు ఇంటికొచ్చిన పాపానికి మీరు ఏ4. రెండేళ్లు వాయిదాలకు తిరిగారు. చివరికి పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడారు. కోర్టులో రాజీ అయింది. ఆ తర్వాత గండి ఆంజనేయస్వామి తిరునాళ్లలో రెండు కుటుంబాలూ కలిసే తిరిగాయి. కేసు సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు కూడా లేదు.

ఇప్పుడు మీకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. చేతిలో అటెస్టేషన్ ఫారం ఉంది. మీరు ఎప్పుడైనా అరెస్టయ్యారా? ప్రాసిక్యూట్ అయ్యారా? డిటెన్షన్‌లో ఉన్నారా? బౌండ్ డౌన్ అయ్యారా? ఫైన్ పడిందా? కన్విక్ట్ అయ్యారా? ప్రస్తుతం ఏ కోర్టులోనైనా కేసు పెండింగ్‌లో ఉందా? ఇలా వరసగా అడుగుతుంది. ప్రతిదానికీ ఎస్ లేదా నో రాయాలి. తప్పు సమాచారం ఇచ్చినా, దాచినా ఉద్యోగానికి అనర్హులవుతారన్న హెచ్చరిక ఫారం పైభాగంలోనే ఉంటుంది.

ఇంటికి ఫోన్ చేశారు. నాన్న ఒకటే మాట అన్నారు: ‘అది ఎప్పుడో కొట్టేసినారు కదా నాయనా.’

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. తెలుగులో ‘కొట్టేశారు’ అనే ఒక్క మాటకు కోర్టు ఇంగ్లిష్‌లో కనీసం ఆరు మాటలున్నాయి. వాటిలో ఏది రాశారన్నదాన్ని బట్టి ఫారంలో మీ సమాధానం మారిపోతుంది. తప్పు మాట రాస్తే అది భాషాదోషంగా మిగలదు, సమాచారం దాచినట్టు లెక్కవుతుంది.

ముందు ‘విచారణ’ సంగతి

కొట్టివేత దగ్గరికి వెళ్లే ముందు ఇంకో మాట చూడాలి. పత్రికల్లో మేం రోజూ రాసే ‘విచారణ’. పోలీసులు పిలిచి ప్రశ్నలడిగితే విచారణ. అధికారి కమిటీ వేస్తే విచారణ. జడ్జి ముందుకు కేసు వచ్చి పది నిమిషాల్లో వాయిదా పడినా విచారణే. సాక్షులను ప్రవేశపెట్టి, క్రాస్ ఎగ్జామిన్ చేసి, తీర్పు దాకా నడిచేదీ విచారణే. ఇంగ్లిష్‌లో ఇవి వరసగా ఇంటరాగేషన్, ఎంక్వైరీ, హియరింగ్, ట్రయల్. వీటికి ముందు పోలీసులు చేసేది ఇన్వెస్టిగేషన్. దానికి తెలుగులో ‘దర్యాప్తు’ అనే చక్కటి మాట ఉంది. హెడ్డింగులో అక్షరాలు సరిపోకపోతే దాన్ని కూడా విచారణ అనేస్తాం. డెస్కులో పనిచేసేవాళ్లం ఒప్పుకోవాల్సిన తప్పిది.

మీ ప్రాంతం కేసునే తీసుకోండి. మాజీ మంత్రి వైఎస్ వివేకానందరెడ్డి 2019 మార్చి 15న పులివెందులలోని ఇంట్లో హత్యకు గురై కనిపించారు. 2020 మార్చిలో ఏపీ హైకోర్టు ఈ కేసును సీబీఐకి అప్పగించింది. 2022 నవంబరు 29న సుప్రీంకోర్టు కడప నుంచి హైదరాబాద్‌లోని సీబీఐ ప్రత్యేక కోర్టుకు మార్చింది. రెండుసార్లూ తెలుగు హెడ్డింగు ‘వివేకా కేసు బదిలీ’ అనే. నిజానికి మొదట బదిలీ అయింది ఇన్వెస్టిగేషన్. అంటే దర్యాప్తు చేసే సంస్థ మారింది. రెండోసారి బదిలీ అయింది ట్రయల్. అంటే కేసు నడిచే కోర్టు మారింది. ‘సీబీఐ విచారణ’, ‘సీబీఐ కోర్టు విచారణ’ అనే రెండు మాటల మధ్య ఉన్న దూరం కూడా ఇదే. మొదటిది క్వశ్చనింగ్, రెండోది ట్రయల్.

ఇదే కేసులో తరచూ వినిపించే ‘అప్రూవర్’ను చాలామంది నేరం ఒప్పుకున్న సాక్షి అనుకుంటారు. అసలు అర్థం ఇంకొంచెం ఎక్కువ. అప్రూవర్ అంటే నేరంలో తానూ ఉన్నానని చెబుతూ, తెలిసినదంతా నిజంగా చెప్తానన్న షరతు మీద కోర్టు నుంచి క్షమాభిక్ష పొందిన నిందితుడు. షరతు తప్పితే మళ్లీ అతని మీద కేసు నడపొచ్చు. ఇంగ్లిష్‌లో ‘టర్న్‌డ్ అప్రూవర్’ అని రాస్తారు.

‘అలెజ్డ్’ అనే మాటను కూడా మనవాళ్లు ఎక్కడ పడితే అక్కడ పెట్టేస్తారు. ఈ కేసులో హత్య జరిగిందన్నది వివాదంలో లేదు. ఎవరు చేశారు, ఎవరు చేయించారన్నదే కోర్టు తేల్చాలి. అందుకని ‘అలెజ్డ్ మర్డర్’ అని రాస్తే ఆ జాగ్రత్త పెట్టాల్సిన చోటు తప్పినట్టే. అది ఉండాల్సింది నిందితుడి పాత్ర ముందు: ‘హిజ్ అలెజ్డ్ రోల్ ఇన్ ద మర్డర్’. ఏ1, ఏ2 అంకెలు కూడా నేరం తీవ్రతను బట్టి ఇచ్చే ర్యాంకులు కావు. చార్జిషీటులో పేర్లు రాసిన వరస మాత్రమే.

మరి ట్రయల్ ఎప్పుడు మొదలవుతుంది? ఎఫ్ఐఆర్ నమోదైన రోజు కాదు. పోలీసులు చార్జిషీటు వేసిన రోజూ కాదు. సెషన్స్ కేసుల్లో, వారెంటు కేసుల్లో జడ్జి అభియోగాలు ఖరారు చేసినప్పుడు, అంటే ‘చార్జెస్ ఫ్రేమ్’ అయినప్పుడే ట్రయల్ మొదలైనట్టని సుప్రీంకోర్టు 2014లో హర్‌దీప్ సింగ్ కేసులో చెప్పింది. మీ గట్టు తగాదా లాంటి చిన్న సమన్స్ కేసుల్లోనైతే లాంఛనంగా చార్జి రాయరు. మీరు కోర్టుకు హాజరయ్యాక ఆరోపణ ఏమిటో చదివి వినిపించి, ఒప్పుకుంటారా లేదా అని అడగడంతో ట్రయల్ మొదలవుతుంది. చార్జిషీటు పోలీసుల కాగితం, చార్జి కోర్టు కాగితం. మీ మీద ఎఫ్ఐఆర్ మాత్రమే ఉంటే ‘అండర్ ఇన్వెస్టిగేషన్’ అనాలి. ‘అండర్ ట్రయల్’ అని రాస్తే లేని బరువును మీరే నెత్తిన పెట్టుకున్నట్టు.

పాస్‌పోర్టు దగ్గర ఈ తేడా డబ్బులూ, నెలలూ ఖర్చు చేయిస్తుంది. పాస్‌పోర్టుల చట్టం 1967లో సెక్షన్ 6(2)(ఎఫ్) ప్రకారం దేశంలోని ఏదైనా క్రిమినల్ కోర్టులో మీ మీద ప్రొసీడింగ్స్ పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. అయితే కేవలం ఎఫ్ఐఆర్, దర్యాప్తు దశలో ఉన్న కేసు దీని కిందికి రావని, కోర్టు కేసును నమోదు చేసుకుని కాగ్నిజెన్స్ తీసుకుంటేనే వస్తుందని విదేశాంగ శాఖ 2019 అక్టోబరు 10న ఆఫీస్ మెమోరాండం ఇచ్చింది. ఒకవేళ కోర్టులో కేసు నడుస్తున్నా దారి మూసుకుపోదు. విదేశాలకు వెళ్లేందుకు అదే కోర్టు అనుమతి ఉత్తర్వు ఇస్తే, అందులో చెప్పిన కాలానికి పాస్‌పోర్టు ఇస్తారు. కాలం చెప్పకపోతే ఏడాదికి ఇస్తారు. 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ ఇది. కువైట్ వెళ్లాలని పాస్‌పోర్టుకు పెట్టుకునే కడప జిల్లా కుర్రాళ్లకు ఏజెంట్లు ‘నో అని పెట్టెయ్’ అని సలహా ఇస్తుంటారు. తెలిసి తప్పు సమాచారం ఇవ్వడం అదే చట్టం కింద నేరమనీ, తర్వాత పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవచ్చనీ ఏజెంటు చెప్పడు.

‘కొట్టేశారు’... ఏది?

మొదటిది అక్విటల్. ట్రయల్ నడిచి, సాక్ష్యాలు చాలవనో, నేరం రుజువు కాలేదనో కోర్టు నిర్దోషిగా తేల్చడం. దీని బలం ఏమిటంటే, ఆ తీర్పు నిలిచి ఉన్నంతకాలం అదే నేరానికి మళ్లీ మీ మీద ట్రయల్ నడపడానికి వీల్లేదు.

రెండోది డిస్చార్జ్. చార్జిషీటు, దానితో పెట్టిన కాగితాలు చూసి, ట్రయల్ నడపడానికి తగిన ఆధారమే లేదని జడ్జి మొదట్లోనే వదిలేయడం. వినడానికి అక్విటల్ కంటే ఇదే మేలనిపిస్తుంది. బోనెక్కే పనే లేకుండా బయటపడ్డారు కదా. కానీ డిస్చార్జ్ అయిన మనిషి మీద కొత్త ఆధారాలు దొరికితే మళ్లీ కేసు నడపొచ్చు. డిస్చార్జ్ అంటే అక్విటల్ కాదని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 300 వివరణలోనే రాసి ఉంది. కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో అది సెక్షన్ 337. నేను డెస్కులో చేరిన కొత్తలో ‘డిస్చార్జ్‌డ్’ అన్న ఏజెన్సీ కాపీని ‘నిర్దోషిగా విడుదల’ అని అనువదించాను. సీనియర్ సబ్ ఎడిటర్ ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన ‘ట్రయలే లేదు, నిర్దోషి ఎవరు తేల్చారు?’ అని రాశారు. ఆ ప్రశ్న ఇప్పటికీ పనికొస్తోంది.

మూడోది క్వాషింగ్. ఇది మీ ఊరి దగ్గరి మేజిస్ట్రేటు కోర్టు చేయగలిగేది కాదు. హైకోర్టు తన ప్రత్యేక అధికారంతో ఎఫ్ఐఆర్‌నో, కోర్టులోని ప్రొసీడింగ్స్‌నో రద్దు చేయడం. పాత కోడ్‌లో సెక్షన్ 482, కొత్తదాంట్లో 528. ‘అక్విటెడ్ బై ద హైకోర్ట్’ అని రాస్తే కింది కోర్టులో శిక్ష పడి అప్పీల్‌లో గెలిచినట్టు అర్థం వస్తుంది. రద్దయిన కేసుకు ‘ప్రొసీడింగ్స్ వర్ క్వాష్‌డ్’ అనే రాయాలి.

నాలుగోది పోలీసులే మూసేయడం. దర్యాప్తు చేసి, ఫిర్యాదు అబద్ధమనో, మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్ అనో ఫైనల్ రిపోర్టు పెడతారు. కోర్టు దాన్ని ఒప్పుకుంటే కేసు ముగుస్తుంది. ఇక్కడ చార్జి లేదు, ట్రయల్ లేదు. ‘క్లోజ్‌డ్ ఆఫ్టర్ ఇన్వెస్టిగేషన్’ సరైన మాట.

ఐదోది విత్‌డ్రాయల్. ప్రభుత్వం మారినప్పుడల్లా ‘కేసులు ఎత్తేశారు’ అని వింటుంటాం. జీవో వచ్చినంత మాత్రాన కేసు పోదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో పిటిషన్ వేయాలి, కోర్టు సమ్మతించాలి. చార్జి ఫ్రేమ్ కాకముందు ఉపసంహరిస్తే డిస్చార్జ్, అయ్యాక ఉపసంహరిస్తే అక్విటల్. ఉద్యమ కేసుల్లో పేరున్నవాళ్లు జీవో జిరాక్సు దగ్గర పెట్టుకుని ధీమాగా ఉంటారు. పనికొచ్చేది కోర్టు ఉత్తర్వు.

ఆరోది కాంపౌండింగ్, అంటే రాజీ. మీ గట్టు తగాదా ఇదే. చట్టంలో రాజీకి వీలున్న నేరాలని ఒక పట్టిక ఉంది. మామూలు దెబ్బలు, అంటే పాత ఐపీసీ 323, దారికి అడ్డుపడటం అంటే 341, ఆ పట్టికలో ఉన్నాయి. వాటికి కోర్టు అనుమతి కూడా అక్కర్లేదు, బాధితుడు ఒప్పుకుంటే చాలు. ఫలితం ఏమిటంటే, రాజీ అయిన నేరానికి నిందితుడు అక్విట్ అయినట్టే అని చట్టమే చెబుతోంది. కాబట్టి ‘కాంప్రమైజ్ అయ్యాం’ అని గొణగాల్సిన పనిలేదు. ‘ద అఫెన్సెస్ వర్ కాంపౌండెడ్ అండ్ ఐ వాజ్ అక్విటెడ్’ అని ధైర్యంగా రాయొచ్చు.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకత కూడా ఉంది. భర్త, అత్తమామల వేధింపులకు సంబంధించిన ఐపీసీ 498-ఏ దేశంలో చాలాచోట్ల రాజీకి వీల్లేని నేరం. ఆంధ్రప్రదేశ్ 2003లో చేసిన సవరణతో ఇక్కడ మాత్రం కోర్టు అనుమతితో రాజీ పడే వీలు వచ్చింది. పాత కోడ్ కింద అలా ముగిసిన కేసున్న ఎన్నారై కుర్రాడు ‘క్వాష్‌డ్’ అని రాస్తే తప్పు. పక్క రాష్ట్రంలోని స్నేహితుడికి అది హైకోర్టులో క్వాష్ అయి ఉండొచ్చు. మీది మీ ఊరి కోర్టులోనే కాంపౌండ్ అయి ఉంటుంది.

ఈ ఆరింటికీ తోడు పూర్తిగా ఎదురు అర్థం వచ్చే ‘కొట్టివేత’ ఒకటుంది. ‘అప్పీల్ కొట్టివేత’. కింది కోర్టు వేసిన శిక్ష మీద మీరు వేసిన అప్పీల్ డిస్మిస్ అయితే మీ కేసు పోలేదు, మీ ఆశ పోయింది. శిక్ష అలాగే ఉంది. ‘శిక్ష నిలిపివేత’ కూడా అంతే. అప్పీల్ తేలేదాకా శిక్ష అమలును ఆపితే ‘సెంటెన్స్ సస్పెండెడ్’. అప్పటికీ మీరు కన్విక్టెడే. 2023 మార్చి 23న సూరత్ కోర్టు రాహుల్ గాంధీకి రెండేళ్ల శిక్ష వేసి, అప్పీల్ చేసుకోవడానికి ఆ శిక్ష అమలును ఆపింది. అయినా మర్నాడే ఆయన లోక్‌సభ సభ్యత్వం పోయింది. కారణం కన్విక్షన్ అలాగే ఉండటం. ఆగస్టు 4న సుప్రీంకోర్టు ఆ కన్విక్షన్‌పైనే స్టే ఇచ్చాక సభ్యత్వం తిరిగొచ్చింది.

ఫైన్ కట్టేస్తే అయిపోయిందా?

నగరంలో ఉండేవాళ్లు ఎక్కువగా పడేది ఈ గుంటలోనే. శనివారం రాత్రి డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికారు. కోర్టుకెళ్లారు, జడ్జి అడిగితే తప్పు ఒప్పుకున్నారు, ఫైన్ కట్టి సాయంత్రానికి ఇంటికొచ్చారు. ‘కేసేం లేదు, ఫైన్ కట్టేశా’ అంటారు.

చట్టం భాషలో జరిగింది ఇది: మీరు ‘ప్లీడెడ్ గిల్టీ’, కోర్టు మిమ్మల్ని ‘కన్విక్టెడ్’ చేసింది, ‘ఫైన్’ శిక్షగా వేసింది. జైలుకు వెళ్లలేదు కాబట్టి కన్విక్షన్ కాదనుకోవడం పొరపాటు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా రూ. 10,000 జరిమానా, లేదా రెండూ. జరిమానాతో వదిలేసినా అది నేర నిర్ధారణే. అటెస్టేషన్ ఫారంలో ‘ఫైన్‌డ్’, ‘కన్విక్టెడ్’ అనే రెండు గడులకూ ఎస్ రాయాలి.

దీన్ని చూసి హెల్మెట్ చలానాలకు కూడా భయపడొద్దు. హెల్మెట్ లేదని ఫోన్‌కి వచ్చిన చలానా ఆన్‌లైన్‌లో కట్టేస్తే దాన్ని సెక్షన్ 200 కింద కాంపౌండ్ చేసుకున్నట్టు. ఆ వెసులుబాటున్న సెక్షన్ల జాబితాలో 185 లేదు. అందుకే తాగి బండి నడిపితే కోర్టుకే వెళ్లాలి.

స్టేషన్ బెయిల్, బైండోవర్

ఫారంలో ‘అరెస్టెడ్’ గడి దగ్గర చాలామంది తడబడతారు. ‘నన్ను జైల్లో పెట్టలేదు, స్టేషన్ బెయిల్ ఇచ్చారు’ అంటారు. మన వాడుకలో ఈ స్టేషన్ బెయిల్ అన్నది రెండు వేరు సంగతులకు పెట్టిన ఒకే పేరు. బెయిలబుల్ కేసులో పోలీసులు అరెస్టు చూపించి, జామీను తీసుకుని స్టేషన్ నుంచే పంపేస్తే మీరు అరెస్టయినట్టే. అరగంట అయినా అరెస్టు అరెస్టే. అలా కాకుండా 41-ఏ నోటీసు ఇచ్చి, పిలిచినప్పుడు రమ్మని సంతకం పెట్టించుకుని పంపితే అరెస్టు జరగలేదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అవసరం లేకుండా అరెస్టు చేయొద్దని 2014లో ఆర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక ఈ నోటీసుల వాడకం బాగా పెరిగింది. కొత్త చట్టంలో దాని నంబరు 35(3). మీ దగ్గరున్నది అరెస్టు, బెయిలు కాగితాలా, నోటీసా అన్నది చూసుకున్నాకే ఆ గడి నింపండి.

ఇక బైండోవర్. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు ఈ మాట తెలియని ఇల్లుండదు. ఎన్నికలొస్తే ఊళ్లో రెండు పార్టీల వాళ్లనూ తహసీల్దారు ముందు హాజరుపరిచి, గొడవ చేయమని పూచీకత్తు రాయించుకుంటారు. తహసీల్దారు అక్కడ కూర్చునేది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో. పాత కోడ్ 107, 110 సెక్షన్లు, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 126, 129. ఇది నేరానికి శిక్ష కాదు, కన్విక్షన్ కాదు, ట్రయల్ అసలే కాదు. ముందుజాగ్రత్త చర్య. అంతమాత్రాన ఫారం దాన్ని వదిలేయలేదు. పైన చెప్పిన ప్రశ్నల్లో ‘బౌండ్ డౌన్’ అన్నది సరిగ్గా ఇదే! ఆ ఇంగ్లిష్ మాట అర్థం కాక, చేతులు కట్టేశారా అని అడుగుతున్నారనుకుని నో రాసేవాళ్లున్నారు.

రౌడీషీటు వేరే. అది పోలీసు స్టేషన్‌లో ఉండే రిజిస్టరు, కోర్టు తీర్పు కాదు. దాన్ని ఫారంలో కన్విక్షన్‌గా చూపించాల్సిన పనిలేదు.

నిజం రాస్తే ఉద్యోగం పోతుందా?

అసలు భయం ఇదే కాబట్టి సూటిగా మాట్లాడుకుందాం. 2016 జులై 21న అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల ధర్మాసనం ఈ విషయం మీద వివరంగా తీర్పు ఇచ్చింది. ఉద్యోగి చెప్పే సమాచారం నిజమై ఉండాలి, దాచకూడదు. చిన్న వయసులో నినాదాలిచ్చిన కేసు లాంటి అల్పమైన నేరాన్ని దాచినా, ఆ నేరం ఉద్యోగానికి అనర్హుడిని చేసేది కానప్పుడు యజమాని క్షమించవచ్చు. నిజం చెప్పిన కేసులో కూడా, అది ముగిసిపోయినా, పూర్వాపరాలు పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది, నియమించి తీరాలని బలవంతం చేయలేం. అంటే నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం గ్యారంటీ కాదు. ఇది చెప్పకుండా ‘నిజం రాయండి, ఏం కాదు’ అని ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు.

అదే తీర్పులో ఉద్యోగులకు పనికొచ్చే ఇంకో మాట ఉంది. దాచారని నిర్ధారించాలంటే ఫారంలో ప్రశ్న అస్పష్టంగా కాక స్పష్టంగా ఉండాలి, ప్రత్యేకంగా అడిగినదే వెల్లడించాలి అని కోర్టు చెప్పింది. అందుకే ప్రశ్నలోని ప్రతి మాటనూ విడిగా చదవాలి. ‘కన్విక్టెడ్’ అని మాత్రమే అడిగితే మీ గట్టు కేసుకు సమాధానం నో. ‘ప్రాసిక్యూటెడ్’ అని కూడా అడిగితే ఎస్, ఎందుకంటే రాజీ అయినా మీ మీద కోర్టులో కేసు నడిచింది. ‘పెండింగ్’ అని అడిగితే మళ్లీ నో. ఒకే కేసు, మూడు సమాధానాలు, మూడూ నిజాలే.

అమెరికా వీసా డీఎస్-160లో ప్రశ్న అరెస్టు గురించి, కన్విక్షన్ గురించి కలిపి ఉంటుంది, క్షమాభిక్ష దొరికినా సరే చెప్పమంటుంది. అక్విట్ అయ్యాం కదా అని అక్కడ నో పెడితే, గతంలో అరెస్టు ఉన్నవాళ్లు తప్పు చెప్పినట్టే.

పోలీసు ఉద్యోగాల్లో ఇంకో మెలిక ఉంది. ‘హానరబుల్ అక్విటల్’ అంటే గౌరవప్రదంగా నిర్దోషిగా తేలడం. ఈ మాట క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఎక్కడా లేదు. సాక్ష్యాలన్నీ పూర్తిగా పరిశీలించాక ప్రాసిక్యూషన్ ఆరోపణలు ఏమాత్రం నిలబడలేదని తేలితే దాన్ని అలా అనవచ్చని 2012లో సముత్తిరం కేసులో సుప్రీంకోర్టు వివరించింది. సాక్షులు అడ్డం తిరిగితేనో, సంశయ లాభం కిందో బయటపడటం వేరు. మీ తీర్పులో ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్’ అని ఉంటే మీరు ఫారంలో ‘హానరబ్లీ’ అని సొంతంగా చేర్చకండి. తీర్పులో ఉన్నదే రాయండి.

‘ఆన్ మీ’ కాదు, ‘ఎగైనెస్ట్ మీ’

మాట దొరికాక వాక్యం. ‘నా మీద కేసు పెట్టారు’ అన్నదాన్ని మక్కీకి మక్కీ దించి ‘దే బుక్‌డ్ కేస్ ఆన్ మీ’ అని రాస్తాం. ‘ఎ కేస్ వాజ్ రిజిస్టర్డ్ ఎగైనెస్ట్ మీ’ సరైనది. ‘కేసు నడుస్తోంది’ అంటే ‘కేస్ ఈజ్ రన్నింగ్’ కాదు, ‘పెండింగ్’. కోర్టుకు ‘అటెండ్’ అవ్వడం కాదు, కోర్టు ముందు ‘అప్పియర్’ అవ్వడం. వచ్చే వాయిదా అంటే ‘నెక్స్ట్ అడ్జర్న్‌మెంట్’ కాదు, ‘నెక్స్ట్ డేట్ ఆఫ్ హియరింగ్’. మనకు వాయిదా అంటే కోర్టుకు వెళ్లాల్సిన రోజు, అడ్జర్న్‌మెంట్ అంటే ఆ రోజు పని జరగకుండా ముందుకు జరపడం. చాలా కోర్టుల్లో రెండూ ఒకటే అవుతున్నాయనుకోండి, అది వేరే కథనం.

మాట వెనక వచ్చే చిన్న పదాలు కూడా చూసుకోవాలి. అక్యూజ్‌డ్ ‘ఆఫ్’, చార్జ్‌డ్ ‘విత్’, ట్రైడ్ ‘ఫర్’, కన్విక్టెడ్ ‘ఆఫ్’, సెంటెన్స్‌డ్ ‘టు’. అక్విటెడ్ తర్వాత కూడా ‘ఆఫ్’ రావాలి. ‘అక్విటెడ్ ఫ్రమ్ ద కేస్’ అని మన లాయర్ల నోటీసుల్లోనే కనిపిస్తుంది గానీ, ‘అక్విటెడ్ ఆఫ్ ద చార్జెస్’ అనాలి. సెక్షన్ల నంబర్లు కూడా మార్చొద్దు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో బీఎన్ఎస్ వచ్చింది. 323 ఇప్పుడు 115(2) అయింది. అయినా 2017 నాటి మీ కేసుకు ఎఫ్ఐఆర్‌లో ఉన్న పాత నంబరే రాయాలి.

ఇదంతా రాయాలంటే కాగితం చేతిలో ఉండాలి. ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే కేసు స్థితి వస్తుంది. నంబరు తెలియకపోతే కోర్టును ఎంచుకుని మీ పేరుతోనో, ఎఫ్ఐఆర్ నంబరుతోనో వెతకొచ్చు. ముగిసిన కేసు అయితే ఏ విధంగా ముగిసిందో అక్కడ రాసి ఉంటుంది. అక్విటెడ్ అనా, కాంప్రమైజ్‌డ్ అనా, ఇంకేదైనా అనా చూడండి. అది దారి చూపడానికే. ఫారంతో జతచేయాల్సింది కోర్టు ఇచ్చే సర్టిఫైడ్ కాపీ. దానికి కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టాలి. కేసు చూసిన లాయర్ గుమస్తాకు కేసు నంబరు, తీర్పు తేదీ పంపితే పని త్వరగా అవుతుంది. పాత ఫైళ్లు రికార్డు రూముకు వెళ్లిపోయి ఉంటే కొన్ని రోజులు ఎక్కువ పట్టొచ్చు. ఫారం గడువు దగ్గర పడ్డాక కాదు, ఉద్యోగానికి పరీక్ష రాసిన రోజే నాన్నకు ఫోన్ చేసి ఆ పాత కేసు నంబరు బీరువాలో వెతకమనండి.